డబ్లిన్ బేలో వలస ఓడ: ఎడ్విన్ హేస్ బొమ్మ గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారమండీ. వెనకవాళ్ళకి మైకు వినిపిస్తోందా? సరే. ముందు కూర్చున్నవాళ్ళు కాస్త తలలు పక్కకి జరిపితే తెర అందరికీ కనిపిస్తుంది.

ఈ బొమ్మ పేరు 'వలస ఓడ, డబ్లిన్ బే, సూర్యాస్తమయం'. వేసినాయన ఎడ్విన్ హేస్, వేసింది 1853లో. ఒరిజినల్ మనం ఉంటున్న ఈ డబ్లిన్‌లోనే ఉంది, మెరియన్ స్క్వేర్ దగ్గరున్న నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఐర్లాండ్ కలెక్షన్‌లో. పెద్ద బొమ్మేం కాదు, మీటరు వెడల్పు కూడా ఉండదు. చూడగానే ఏం అనిపిస్తుంది? క్యాలెండర్ బొమ్మలా ఉంది కదా, బంగారు రంగు ఆకాశం, పెద్ద తెరచాపల ఓడ, అలలు, ముందు ఒక పడవ. హాల్లో సోఫా పైన పెట్టుకుంటే బాగుంటుంది అనిపించే బొమ్మ. కానీ టైటిల్‌లో వలస అన్న మాట ఉంది, కింద 1853 అన్న సంవత్సరం ఉంది. ఈ రెండూ తీసేస్తే మిగిలేది అందమైన సాయంత్రం, అంతే. ఇవాళ నేను మాట్లాడేదంతా ఈ అందానికీ ఆ సంవత్సరానికీ మధ్య ఏముంది అనే దాని గురించే.

ముందు ఒక సింపుల్ విషయం చూద్దాం. డబ్లిన్ తూర్పు తీరంలో ఉంది, మన విశాఖపట్నం లాగే సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు, ఊరి వెనక పడమట దిగిపోతాడు. మరి డబ్లిన్ బేలో సూర్యాస్తమయం చూడాలంటే ఎక్కడ నిలబడాలి? ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తే కుదరదు. నీళ్ళ మీదికి వెళ్ళి ఊరి వైపు తిరిగి చూడాలి, లేదంటే ఇప్పుడు డన్ లేరీ అంటున్న రేవుకి వెళ్ళి, అప్పట్లో దాని పేరు కింగ్స్‌టౌన్, ఆ రేవుగోడ చివరికంటా నడిచి బేకి అడ్డంగా చూడాలి. అంటే టైటిల్ చెప్పినట్టే తీసుకుంటే, సూర్యుడు కుంగే వైపు ఐర్లాండ్ ఉంది, చూసే మనం సముద్రం వైపు ఉన్నాం. వెళ్ళిపోతున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తే ఏం కనిపిస్తుందో దాదాపు ఆ వైపు నుంచే చూపించాడు హేస్. ఇది నాకు తట్టిన పాయింటు, ఏ క్యాటలాగులోనూ చదివింది కాదు, ఒప్పుకోకపోయినా పర్లేదు.

ఇప్పుడు పడవ సంగతి. పెద్ద ఓడ బేలో ఆగి ఉంటే చిన్న పడవలో జనాన్ని తెడ్లేసుకుంటూ దాని దగ్గరికి తీసుకెళ్తున్నారు. ఎందుకంటే డబ్లిన్ బే ఎప్పుడూ ఓడలకి ఇబ్బందే, ఇసుక మేటలు ఎక్కువ, లోతు తక్కువ, పోటు వస్తేనే పెద్ద ఓడ లిఫీ నది ముఖం దాటగలదు, తెరచాప ఓడకైతే దానికితోడు గాలి కూడా కలిసిరావాలి. 1807 నవంబర్‌లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రాచ్‌డేల్ అని రెండు ఓడలు తుఫానులో ఈ బేలోనే బద్దలై దాదాపు 400 మంది పోయారు, ఎక్కువమంది సైనికులు, వాళ్ళ కుటుంబాలు. ఆ ఘోరం తర్వాతే సురక్షితమైన రేవు కావాలని పట్టుబట్టి 1817లో కింగ్స్‌టౌన్ హార్బరు పని మొదలుపెట్టారు, డాల్కీ కొండ గ్రానైట్ తవ్వి తెచ్చి. మీలో చాలామంది ఆదివారాలు ఐస్‌క్రీమ్ తింటూ నడిచే ఆ గోడే. 1834లో డబ్లిన్ నుంచి అక్కడికి రైలు కూడా వేశారు, ఐర్లాండ్‌లో అదే మొదటి రైలు. దాని కాంట్రాక్టరు విలియం డార్గన్, ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

ఇక 1853. అప్పట్లో ఐర్లాండ్ పేదల ముఖ్యమైన తిండి ఆలుగడ్డే, దానికి 1845లో తెగులు వచ్చి పెద్ద కరువు పడింది, అది అందరికీ తెలిసిన కథే కాబట్టి పొడుగ్గా చెప్పను. ఐతే రెండు అంకెలు మాత్రం చెప్పాలి. 1841 జనాభా లెక్కల్లో ఐర్లాండ్ మొత్తం మీద 81 లక్షల 75 వేల మంది, 1851 లెక్కల్లో 65 లక్షల 52 వేలు. పదేళ్ళలో 16 లక్షల మంది లెక్కలోంచి పోయారు. దాదాపు 10 లక్షల మంది ఆకలితోనో, ఆకలి వెంట వచ్చిన జ్వరాలతోనో చచ్చిపోయారు, ఇంకో 10 లక్షలకి పైగా ఓడలెక్కారు. పంట పోతే ప్రభుత్వం ఆదుకోవాలి కదా అంటారా, 1847లో ఒక చట్టం తెచ్చారు, పావు ఎకరం కంటే ఎక్కువ భూమి ఉన్న రైతుకి సాయం అందదు, సాయం కావాలంటే ముందు ఆ భూమి వదిలేయాలి. తిండి కావాలా భూమి కావాలా తేల్చుకో అన్నమాట. భూమి వదిలాక ఊళ్ళో ఇంకేముంటుంది, ఓడే గతి. ఇంకో సంగతి, ఇది మనవాళ్ళకి పెద్దగా తెలీదు, ఈ కరువు కోసం బయటి దేశాల్లో మొట్టమొదట చందాలు పోగైన చోట్లలో కలకత్తా ఒకటి. అక్కడ కంపెనీ సైన్యంలో ఐరిష్ సైనికులు బోలెడుమంది ఉండేవాళ్ళు, వాళ్ళతోపాటు అక్కడి హిందూస్తానీలు కూడా ఇచ్చారు.

మరి ఇంత జరుగుతుంటే పెయింటర్లు ఏం వేశారు? ఇదే నన్ను ఎప్పట్నుంచో తొలిచేస్తున్న ప్రశ్న. కరువు నడుస్తుండగా కరువుని నేరుగా వేసిన ఆయిల్ పెయింటింగులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. డేనియల్ మెక్‌డొనాల్డ్ అని, ఐర్లాండ్ దక్షిణాన ఉన్న కార్క్ ఊరాయన ఒకటి వేశాడు, 1847లో లండన్‌లో చూపించాడు, ఒక రైతు కుటుంబం నిల్వ చేసుకున్న దుంపలు తవ్వి చూస్తే అంతా కుళ్ళిపోయి ఉంటుంది, ఆ క్షణం. ఇప్పుడది యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ వాళ్ళ దగ్గరుంది. అలాంటివి తక్కువ, కారణం కూడా కష్టమైందేం కాదు. బొమ్మ కొనేదెవరు? భూస్వామి, లాయరు, వ్యాపారి, లండన్ వాడు. డిన్నర్ టేబుల్ ఎదురుగా కుళ్ళిన దుంపల బొమ్మ ఎవడు పెట్టుకుంటాడండీ? అదే సముద్రం, ఓడ, పొద్దుగూకే వెలుగు అయితే కొంటారు. డచ్ వాళ్ళు 17వ శతాబ్దంలోనే ఈ మార్కెట్ తయారుచేసిపెట్టారు, సముద్రం బొమ్మకి ఎప్పుడూ గిరాకీయే.

కాబట్టి హేస్ ఏం చేశాడంటే, నా ఉద్దేశంలో, కొనేవాడికి కావాల్సిన బొమ్మే వేసి అందులో జనాన్ని ఎక్కించాడు. తెలివా, పిరికితనమా అని అడిగితే నేను తెలివి వైపే ఓటేస్తాను, పూర్తిగా కాదు కానీ. ఎందుకో చెప్పాలంటే ఆయన గురించి కొంచెం చెప్పాలి.

హేస్ పుట్టింది 1819లో, ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో. పెరిగింది, చదువుకుంది డబ్లిన్‌లో, రాయల్ డబ్లిన్ సొసైటీ స్కూల్లో బొమ్మలు నేర్చుకున్నాడు. సముద్రమే వేస్తానని నిర్ణయించుకున్నాక స్టూడియోలో కూర్చోలేదు, అమెరికా వెళ్ళే ఓడలో స్టూవర్డ్ దగ్గర పనికుర్రాడిగా చేరిపోయాడు, సముద్రం ఎలా కదుల్తుందో, ఓడ ఎలా ఒరుగుతుందో దగ్గరుండి చూడ్డానికి. అంటే ప్లేట్లు మోసి, గిన్నెలు కడిగి, అట్లాంటిక్ దాటినవాడు. ఓడ లోపల కింది అంతస్తులో వాసన ఎలా ఉంటుందో ఒడ్డున కుర్చీ వేసుకుని వేసే పెయింటర్‌కి తెలీదు, ఈయనకి తెలిసే ఉంటుంది. 1842లో డబ్లిన్‌లోని చిత్రకారుల సంస్థ రాయల్ హైబర్నియన్ అకాడమీలో మొదటిసారి బొమ్మ పెట్టాడు, పదేళ్ళు డబ్లిన్‌లోనే ఉన్నాడు, 1852లో లండన్ వెళ్ళిపోయాడు. బొమ్మ మీద తేదీ? 1853. అంటే డబ్లిన్ వదిలి వెళ్ళిన మరుసటేడే డబ్లిన్ వదిలి వెళ్తున్నవాళ్ళ బొమ్మ! ఆయనకేం ఆకలి లేదు, అవకాశాల కోసం వెళ్ళాడు, అది వేరు, ఇది వేరు. అయినా పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేం.

ఈ సందర్భంలో వెనక్కి, 1813కి వెళ్దాం, ఒక కథ చెప్తాను. ముగ్గురు కుర్రాళ్ళు, జార్జ్ పెట్రీ, జేమ్స్ ఆర్థర్ ఓకానర్, ఫ్రాన్సిస్ డాన్బీ, ముగ్గురూ డబ్లిన్‌లో బొమ్మలు నేర్చుకుంటున్నవాళ్ళు, అందరికీ ఇరవై చుట్టూ వయసు. లండన్ చూసొద్దాం అని బయల్దేరారు. జేబులో డబ్బులు మనకి తెలిసిందే, కుర్రాళ్ళు కదా, లండన్ తినేసింది. పెట్రీ ముందు వెనక్కొచ్చేశాడు. మిగతా ఇద్దరూ ఇంటికి ఓడ పట్టుకుందామని బ్రిస్టల్ చేరారు, అక్కడ ఓడ ఛార్జీలకి కూడా లేవు. అప్పుడు డాన్బీ గబగబా తను వేసిన వాటర్‌కలర్లు, విక్లో కొండల దృశ్యాలు, ఒక షాపులో అమ్మాడు. ఆ డబ్బుతో ఓకానర్ ఐర్లాండ్ తిరిగొచ్చాడు, డాన్బీ మాత్రం బ్రిస్టల్‌లోనే ఉండిపోయాడు, పదేళ్ళకి పైగా. ఆ మధ్యలోనే అదే ఊళ్ళో మన హేస్ పుట్టాడు, అది కాకతాళీయం, నాకు సరదాగా అనిపించి చెప్తున్నా.

ఈ ముగ్గురి తర్వాతి బతుకులు చూడండి. పెట్రీ ఐర్లాండ్‌లోనే ఉండి పాత కట్టడాలు, పాత పాటలు సేకరించి పెద్ద పండితుడయ్యాడు. ఓకానర్ 1818, 19ల్లో పడమటి తీరంలో వెస్ట్‌పోర్ట్ వెళ్ళి అక్కడి దొర లార్డ్ స్లైగో కోసం ఆయన ఎస్టేటు, చుట్టుపక్కల ప్రాంతం వరసగా వేశాడు. అవి కూడా నీటి ఒడ్డు బొమ్మలే. ఐతే అలాంటి బొమ్మల్లో నీళ్ళూ నేలా అంతా దొరగారి ఆస్తి, చూపించేది ఆయన వైభవం. తర్వాత 1822లో ఓకానర్ లండన్ వెళ్ళాడు, 1841లో అక్కడే పేదరికంలో పోయాడు. డాన్బీ అయితే పెద్ద పేరు తెచ్చుకున్నాడు, 1829లో లండన్‌లోని చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీ సభ్యత్వ ఎన్నికలో జాన్ కాన్స్టబుల్ చేతిలో ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయాడు, ఆ తర్వాత ఇంటి గొడవలతో దేశం విడిచి జెనీవా దాకా పోయాడు. ఆయనకి పడవల పిచ్చి, మాటవరసకి కాదు, నిజంగానే పడవలు కట్టేవాడు. చివరికి ఇంగ్లండ్ దక్షిణాన ఎక్స్‌మత్‌లో సముద్రం పక్కన స్థిరపడి, 1855లో అక్కడి నీళ్ళ మీద గాలి అన్నదే లేని ఒక సాయంత్రాన్ని వేశాడు, అది ఇప్పుడు ఎక్సెటర్ మ్యూజియంలో ఉంది. హేస్ బొమ్మా సూర్యాస్తమయమే, డాన్బీ బొమ్మా సూర్యాస్తమయమే, రెండేళ్ళే తేడా. డాన్బీ దాంట్లో ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. హేస్ దాంట్లో గాలి ఉంది, నీళ్ళు కదుల్తున్నాయి, పడవ ఓడని చేరుకోవాలి.

ఇంకొకాయన్ని చెప్పకపోతే తప్పు, జార్జ్ మౌన్సే అట్కిన్సన్, కార్క్ దగ్గర కోవ్ ఊరాయన. మొదట ఓడల్లో వడ్రంగి, బొమ్మలు తనంతట తనే నేర్చుకున్నాడు, తర్వాత ప్రభుత్వోద్యోగం, ఏం ఉద్యోగమో తెలుసా, ఓడల్నీ వలసవాళ్ళనీ తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. పగలు వలస ఓడలు తనిఖీ, తీరికలో ఓడల బొమ్మలు! ఐర్లాండ్‌లో 19వ శతాబ్దపు సముద్ర చిత్రకారులు చాలావరకు ఇలాంటివాళ్ళే అండీ, అకాడమీ గదుల్లోంచి రాలేదు, తాళ్ళూ తారూ పట్టుకున్న చేతులు. అందుకే వాళ్ళ బొమ్మల్లో తెరచాప తాడు ఎక్కడ కట్టాలో అక్కడే ఉంటుంది. పనితనం అంటే అదే అని నా అభిప్రాయం, మేఘాలు ఎవరైనా వేస్తారు.

ఇప్పుడు మళ్ళీ బొమ్మలోకి. ఈ చిన్న పడవ మీద కాస్త జూమ్ చెయ్యండి... హా, చాలు. చూడండి, మనుషులు చిన్న చిన్న మచ్చలు. ఒక్కరి మొహం కూడా గుర్తుపట్టేంత లేదు. ఏడుస్తున్నారా, నవ్వుతున్నారా, ఏం చెప్పలేం. ఈ కాలంలోనే వేరేవాళ్ళు వేసిన వలస బొమ్మల్లో రేవు మీద తల్లి కౌగలింతలు, రుమాళ్ళు, ముసలాయన కర్ర, ఇవన్నీ ఉంటాయి, మన పాత సినిమాల్లో రైల్వే స్టేషన్ సీను టైపు. హేస్ అవేం వెయ్యలేదు. వెయ్యడం రాకనా? కొంత నిజమే, మనుషుల్ని వెయ్యడం ఆయన పని కాదు. కానీ ఫలితం మాత్రం నాకు నచ్చుతుంది. పక్కన ఆ ఓడ ఎత్తు చూడండి, పడవలో ఉన్నవాళ్ళకి అది గోడలా కనిపిస్తుంది, ఆ గోడ ఎక్కాలి. ఇంతకాలం ఆయన ఓడని అందంగా వేశాడనే అంటున్నాం కదా, ఆ అందమే పడవలో వాళ్ళని ఇంకా చిన్నవాళ్ళని చేసేస్తోంది.

ఎక్కాక ఏంటి? అప్పటి ఓడలు చాలావరకు మనుషుల కోసం కట్టినవి కావు. కెనడా నుంచి దుంగలు, కలప మోసుకొచ్చేవి, తిరిగి వెళ్ళేటప్పుడు ఖాళీగా ఎందుకని కింద చెక్క బల్లలు కొట్టి జనాన్ని ఎక్కించేవాళ్ళు. ఓడ ఓనరుకి వెళ్ళేటప్పుడు కూడా లాభం. ఐదారు వారాలు, గాలి లేకపోతే ఇంకా ఎక్కువ. ఓడలో వాళ్ళు ఇవ్వాల్సిన తిండీ నీళ్ళూ ఇంతని చట్టం ఉండేది, నీళ్ళైతే మనిషికి రోజుకి 3 క్వార్టులు, అంటే మూడున్నర లీటర్లు కూడా కాదు, తాగడానికీ వండుకోడానికీ కడుక్కోడానికీ అన్నిటికీ అవే. 1847లో క్యూబెక్ దగ్గర గ్రోస్ ఐల్ అనే చిన్న దీవిలో క్వారంటైన్ పెడితే ఒక్క ఆ ఏడాదే 5 వేల మందికి పైగా అక్కడ పాతిపెట్టారు. అన్ని ఓడలూ అలాంటివే అని మాత్రం అనుకోకండి, జీనీ జాన్స్టన్ అని కెర్రీ నుంచి వెళ్ళిన ఓడలో అన్ని ట్రిప్పుల్లో ఒక్కరూ చనిపోలేదు, దాని నమూనా ఓడ ఇక్కడ లిఫీ నది ఒడ్డున కట్టేసి ఉంటుంది, ఆఫీసుకి వెళ్తూ రోజూ చూసేవాళ్ళు ఇక్కడ కనీసం పదిమంది ఉంటారు. దానికి దగ్గర్లోనే రోవన్ గిలెస్పీ చేసిన కంచు విగ్రహాలు, 1997లో పెట్టినవి, బక్కచిక్కిన మనుషులు రేవు వైపు నడుస్తూ. హేస్ వదిలేసిన మొహాలు ఆయన చేశాడు అనుకోవచ్చు, 144 ఏళ్ళ తర్వాత.

మనమూ వలస వచ్చినవాళ్ళమే కదా అని కార్యక్రమం ముందు ఒకరిద్దరు నాతో అన్నారు, ప్రేమగానే అన్నారు. నాకు ఆ పోలిక మింగుడుపడదండీ. మనం ఆఫర్ లెటరో అడ్మిషనో చేతిలో పెట్టుకుని, అమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసాలు బరువు తూచుకుని వచ్చాం. మన చరిత్రలో దీనికి దగ్గరిది కావాలంటే అదే 1840ల్లో కోరంగి రేవులో వెతకాలి, అక్కడ్నించి తెలుగువాళ్ళు మారిషస్ చెరకు తోటలకి కూలి ఒప్పందం మీద ఓడలెక్కారు, అదే బ్రిటిష్ సామ్రాజ్యం, అదే తెరచాపలు. దాని గురించి మాట్లాడ్డానికి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఉన్నారు, ఇంకోసారి పిలవండి.

డార్గన్ వస్తాడన్నాను కదా. ఈ బొమ్మ వేసిన 1853లోనే డబ్లిన్‌లో పెద్ద పారిశ్రామిక ప్రదర్శన జరిగింది, లీన్‌స్టర్ లాన్ మీద, ఖర్చు పెట్టింది ఆ రైలు కాంట్రాక్టరు డార్గనే. కరువు అయిపోయింది, ఐర్లాండ్ లేచి నిలబడింది అని లోకానికి చూపించుకోవడం. విక్టోరియా రాణి కూడా వచ్చింది. అందులో బొమ్మల హాలుకి జనం విరగబడ్డారు, ఆ ఊపులోనే నేషనల్ గ్యాలరీ పెట్టాలన్న ఆలోచన గట్టిపడి, 1854లో చట్టమై, 1864లో అదే లాన్ పక్కన తలుపులు తెరిచింది. గ్యాలరీ ముందు డార్గన్ విగ్రహం ఇప్పటికీ ఉంది. చూడండి ఎంత తమాషాగా ఉందో, ఒకవైపు ప్రదర్శనలో అభివృద్ధి చూపిస్తున్నారు, అదే ఏడాది బేలోంచి ఓడలు నిండి వెళ్ళిపోతున్నాయి, హేస్ వేసింది ఈ రెండోదాన్ని, చివరికి అది చేరింది మొదటిదాని వల్ల పుట్టిన గ్యాలరీకే.

హేస్ తర్వాత బాగానే బతికాడు. 1871లో హైబర్నియన్ అకాడమీ పూర్తి సభ్యుడయ్యాడు, 1904లో లండన్‌లో పోయాడు, చివరిదాకా సముద్రమే వేశాడు. 1894లో వేసిన ఇంకో సూర్యాస్తమయం, కార్న్‌వాల్ తీరానిది, టేట్ గ్యాలరీలో ఉంది. ఇక నేను ఆపుతాను, ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒకరు: డబ్లిన్ నుంచి ఓడలు డైరెక్టుగా అమెరికా వెళ్ళేవా అండీ?)

మంచి ప్రశ్న. కొన్ని వెళ్ళేవి. 1846 మార్చి 17న, సెయింట్ పాట్రిక్స్ డే రోజే, పర్సెవరెన్స్ అనే ఓడ ఇక్కడి కస్టమ్ హౌస్ క్వే అనే నది గట్టు నుంచి న్యూయార్క్ బయల్దేరింది. కానీ డబ్లిన్ నుంచి పోయినవాళ్ళలో ఎక్కువమంది ముందు స్టీమర్‌లో లివర్‌పూల్ వెళ్ళి, అక్కడ పెద్ద ఓడ ఎక్కినవాళ్ళే. ఛార్జీ తక్కువ, డెక్ మీద పశువులతోపాటు నిలబడి వెళ్ళడం. అదెంత ఘోరమో 1848 డిసెంబర్‌లో లండన్‌డెరీ అనే స్టీమర్‌లో తెలిసింది, స్లైగో నుంచి లివర్‌పూల్ వెళ్తోంది, తుఫాను వస్తే జనాన్ని కింద గదిలోకి తోసి మూత బిగించేశారు, గాలాడక 72 మంది చచ్చిపోయారు. నిజంగా 1853లో డబ్లిన్ వలస అంటే ఇలాంటి స్టీమరే ముందు గుర్తు రావాలి. హేస్ దాన్ని వెయ్యలేదు, తెరచాపల ఓడ వేశాడు, ఎందుకంటే స్టీమరు పొగగొట్టం సూర్యాస్తమయంలో అంత బాగుండదు. పూర్తిగా తెలివి అనను అని ఇందాక అన్నది ఇందుకే.

ఇంకెవరైనా?